యొరూబాకు రెండు చిరునామాలు: క్వా శాఖ విషయంలో ఒక పరిష్కర్త అనుభవం

నేపథ్యం

తెలుగులో తయారవుతున్న ఒక ఆకర గ్రంథానికి (సంప్రదింపు గ్రంథానికి) భాషల విభాగం పరిష్కర్తగా పనిచేసిన రోజుల్లో నాకు ఎదురైన చిక్కు ఇది: నైజీరియాలో మాట్లాడే యొరూబా భాషను క్వా అనే శాఖలో చూపాలా, మరో శాఖలోనా? గ్రంథం పేరు గానీ వ్యాసకర్తలను గుర్తుపట్టే వివరాలు గానీ ఇక్కడ ఇవ్వడం లేదు. పద్ధతికి సంబంధం లేని ఒకటి రెండు చిన్న విషయాలను మార్చాను. చూడటానికి ఒక మాట దిద్దితే పోయే తప్పులా కనిపించినా, దాన్ని దిద్దడానికి నేను వేసిన మొదటి నాలుగు అడుగులూ తప్పుదారిలోనే పడ్డాయి. ఎందుకు పడ్డాయన్నది ఇలాంటి పని చేసేవారికి పనికొస్తుందని రాసి పెడుతున్నాను.

విషయం పశ్చిమ ఆఫ్రికాది. కోట్ దివార్ ఆగ్నేయ భాగం నుంచి ఘానా, టోగో మీదుగా బెనిన్ దాకా గినీ తీరం వెంట మాట్లాడే అనేక భాషలను ఇవాళ క్వా భాషలంటున్నారు. ట్వీ, ఫాంటే మాండలికాలున్న అకాన్, దాని బంధువులైన బౌలే, న్జేమా, అక్రా నగరపు గా భాష, దాని తోబుట్టువు డాంగ్మే, వోల్టా నదికి తూర్పున ఎవే, బెనిన్‌లో ఫోన్ ఇందులో పేరున్నవి. క్వా అనే పేరును 19వ శతాబ్దం చివర్లో జర్మన్ పండితుడు గాట్లోబ్ క్రౌజె పెట్టాడు. ఆ ప్రాంతపు పలు భాషల్లో మనుషులు అనే అర్థంలో వాడే మాటే దానికి మూలం. 1927లో డీట్రిష్ వెస్టర్మన్ పశ్చిమ సూడాన్ భాషల మీద రాసిన గ్రంథంలో దాన్ని ఒక శాఖ పేరుగా వాడాడు. 1963లో జోసెఫ్ గ్రీన్‌బర్గ్ ఆఫ్రికా భాషలన్నిటినీ నాలుగు మహాకుటుంబాలుగా సర్దినప్పుడు, వాటిలో నైజర్-కాంగో కిందికి వచ్చిన శాఖల్లో క్వా ఒకటి. అయితే ఆయన క్వా చాలా విశాలమైనది: పడమట లైబీరియాలోని క్రూ భాషలు మొదలు తూర్పున నైజీరియాలోని యొరూబా, ఇగ్బో, ఎడో, నూపే, నైజర్ డెల్టాలోని ఇజో దాకా అన్నీ అందులోనే ఉండేవి.

ఎదురైన సమస్య

"క్వా భాషలు" అనే ఆరోపాన్ని (గ్రంథంలో ఒక్కో అంశం మీది వ్యాసాన్ని ఆరోపమంటాం) ఒక విశ్రాంత అధ్యాపకులు రాశారు. ఆ శాఖలో ఎక్కువమంది మాట్లాడేవి యొరూబా, ఇగ్బో అన్నది అందులో మొదటి వాక్యాల్లోనే ఉంది. "యొరూబా" ఆరోపాన్ని రాసినది ఒక యువ పరిశోధకురాలు. ఆమె దాన్ని నైజర్-కాంగోలోనే మరో శాఖ అయిన, స్వాహిలి వంటి బంటూ భాషలున్న బెన్యూ-కాంగోలో చేర్చి, క్వా మాటే ఎత్తలేదు. రెండు ఆరోపాలూ వేర్వేరు సంపుటాల్లో అచ్చు కావలసినవి కనుక ఒకదాన్ని చదివినవారు రెండోదాన్ని చూడకపోవచ్చు. కానీ సూచిక తయారుచేసే దగ్గర రెండూ ఒకే పుటలో ఎదురుపడ్డాయి.

ఇద్దరినీ ఫోన్‌లో కలిపాను. "నేను ఇన్నేళ్లు పాఠం చెప్పినది తప్పంటావా అమ్మా?" అని ఆయన అడిగారు. "తప్పనడం లేదు మాస్టారూ, అది అప్పటి మాట అంటున్నాను" అని ఆమె అన్నది. చిక్కంతా ఆ "అప్పటి" అన్న మాటలోనే ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ రోజు మటుకు ఇద్దరిలో ఎవరిది సరి అని తేల్చడమే నా పని అనుకున్నాను.

మొదటి ప్రయత్నం: సాక్షుల లెక్క

పరిష్కర్తలకు అలవాటైన దారినే ముందు పట్టాను. అందుబాటులో ఉన్న ప్రామాణిక గ్రంథాలన్నీ తిరగేసి యొరూబా ఎన్నిటిలో క్వా, ఎన్నిటిలో బెన్యూ-కాంగో అని పట్టిక వేశాను. గ్రంథాలయంలోని పుస్తకాల వరకైతే అధ్యాపకుల పక్షమే గెలిచింది. ప్రతి పుస్తకమూ ఆ సమాచారాన్ని ఎక్కడి నుంచి తెచ్చిందో వెతికితే, కొంచెం వెనకో ముందో, దాదాపు అన్నీ గ్రీన్‌బర్గ్ దగ్గరికే చేరాయి. ఒకే సాక్షి చెప్పిన మాటను పదిమంది నోట విని పదిమంది సాక్షులున్నారనుకోవడం లాంటిదది.

గ్రీన్‌బర్గ్‌ను నేరుగా చదివినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. క్వాకూ బెన్యూ-కాంగోకూ మధ్య తాను గీసిన గీత నిజంగా నిలుస్తుందా అన్న సందేహాన్ని ఆయనే ఆ గ్రంథంలో వెలిబుచ్చాడు. గీతను ఎత్తిరాసుకున్నవాళ్లెవరూ సందేహాన్ని ఎత్తిరాసుకోలేదు. పాఠ్యపుస్తకాల్లో స్థలం తక్కువ. అనుమానాలకు అసలే చోటుండదు. సాక్షుల లెక్కను అక్కడితో వదిలేశాను.

రెండో ప్రయత్నం: కొత్తదే సరి

తరువాత ఎదురు దారి పట్టాను. పట్రిక్ బెనెట్, జాన్ స్టెర్క్ 1977లో చేసిన పునర్వర్గీకరణ, గ్రీన్‌బర్గ్ క్వాలోని తూర్పు భాగాన్ని, అంటే యొరూబా, ఇగ్బో, ఎడో, నూపే తదితరాలను, బెన్యూ-కాంగో వైపుకు తరలించింది. 1989లో జాన్ బెండర్-శామ్యూల్ సంపాదకత్వంలో నైజర్-కాంగో భాషలపై వచ్చిన సంపుటం నాటికి క్రూ, ఇజో కూడా విడిపోయి సొంత శాఖలయ్యాయి. ఆ సంపుటంలో జాన్ స్టీవర్ట్ రాసిన క్వా అధ్యాయంలో మిగిలినది పడమటి భాగమే. పేరు పాతదే, ఆస్తి సగానికి పైగా పోయింది. కొత్త పుస్తకం ఏది చెబితే అదే వేద్దామని, పరిశోధకురాలి పాఠాన్ని ఖాయం చేస్తూ రెండు ఆరోపాలనూ దిద్దేశాను.

ఈ నిర్ణయం నిలిచింది వారం రోజులే. బెనిన్ గురించి రాస్తున్న మరో వ్యాసకర్త, ఫోన్ భాషను ఏ శాఖలో చూపాలని అడిగారు. ఫోన్, ఎవే, గెన్, అజా మొదలైనవాటిని గ్బే భాషలంటారు. భాష అనే అర్థంలో వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న "గ్బే" అన్న మాటనే సముదాయానికి పేరుగా ప్రతిపాదించినవాడు హుంక్పాతి కాపో. (గ్బ అని రాస్తున్నాను గానీ అది మన సంయుక్తాక్షరం లాంటిది కాదు, గొంతు దగ్గర గ, పెదవుల దగ్గర బ ఒకేసారి పలికే ఒకే హల్లు.) స్టీవర్ట్ లెక్కలో గ్బే క్వాలోనిదే. ఇటీవలి వర్గీకరణల్లో కొన్ని దాన్ని అక్కడే ఉంచగా, కొన్ని యొరూబా, ఇగ్బోలతో కలిపి వోల్టా-నైజర్ అనే గుంపులో పెట్టాయి. కొత్తవాళ్లలోనే కొత్తవాళ్లకు పొత్తు కుదరనప్పుడు "కొత్తదే సరి" అన్న సూత్రం ఎందుకూ కొరగాదు. ఏది కొత్తది అన్న ప్రశ్నను వదిలి, ఏది దేని మీద నిలబడింది అన్న ప్రశ్న వేసుకోక తప్పలేదు.

మూడో ప్రయత్నం: మాటల పట్టిక

ఇక్కడ అధ్యాపకులే ముందుకొచ్చారు. పుస్తకాలతో పనేముంది, మాటలు పక్కపక్కన పెడితే తెలిసిపోదా అని ఒక పట్టిక వేసి పంపారు. మూడు అన్న సంఖ్యకు ఎవేలో ఎతొఁ (చివరి అచ్చు ముక్కుతో పలుకుతుంది, అరసున్న అందుకే), యొరూబాలో ఎత, ఇగ్బోలో అతొ. నాలుగుకు ట్వీలో అనన్, ఎవేలో ఎనె, ఇగ్బోలో అనొ. చూడగానే ఒప్పుకోబుద్ధయ్యే పట్టికే. యొరూబా, ఇగ్బో, ఎవే, ట్వీ ఒకే శాఖవని ఇంతకంటే ఏం రుజువు కావాలని ఆయన రాశారు.

పట్టికలో తప్పులేదు. దాని పక్కన ఇంకో రెండు నిలువు వరుసలు గీశాను, అంతే. తూర్పు తీరంలోని బంటూ భాష స్వాహిలిలో మూడు అంటే తతు, నాలుగు అంటే న్నె. ఖండానికి అటు చివర సెనెగల్ నుంచి సాహెల్ అంతటా పశువులు మేపుకునే ఫులానీల ఫుల్ఫుల్డేలో మూడు తతి, నాలుగు నయి. క్వాలో ఎవరూ ఎన్నడూ చేర్చని ఈ రెండు భాషలు కూడా ఆ పట్టికలో అంతే హాయిగా కూర్చున్నాయి. అంటే ఈ మాటలు క్వాకు ప్రత్యేకమైనవి కావు, నైజర్-కాంగో మూలభాష నాటి పాత సొత్తు. ఎవే, యొరూబా, స్వాహిలి, ఫుల్ఫుల్డే ఒకే మహాకుటుంబానివి అనడానికి ఆ పట్టిక మంచి రుజువు. అందులో ఏ రెండు ఇతరులకంటే దగ్గరివో అది చెప్పదు.

ఈ మాట ఆయనకు తెలుగు ఉదాహరణతో చెప్పాను. మన కన్ను, తమిళంలో కణ్, బలూచిస్తాన్‌లోని బ్రాహుయీలో ఖన్. తెలుగు ద్రావిడ భాష అనడానికి ఇది పనికొస్తుంది. తెలుగు ద్రావిడంలో ఏ కొమ్మ మీదిదో తేల్చడానికి పనికిరాదు. కొమ్మ తేలేది మరోచోట: తమిళం ఉరల్ అన్నదాన్ని మనం రోలు అంటాం, అవన్ అన్నదాన్ని వాడు అంటాం. మాట మొదటి అచ్చు వెనక్కి జరిగి హల్లు ముందుకు రావడమనే ఈ మార్పు గోండి, కువి, కొండ, పెంగో వంటి భాషల్లోనూ ఉంది కాబట్టే భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగును వాటి సరసన కూర్చోబెట్టారు. తాత ఇచ్చిన పొలం మనవలందరికీ ఉంటుంది. అన్నదమ్ములిద్దరే కలిసి కొన్న పొలం ఎక్కడుందో వెతకాలి.

పట్టికలో రెండో లోపం అరువు మాటలది. ఆయన వేసిన ట్వీ, ఎవే జాబితాలో కోఫీ, క్వాకు వంటి పుట్టినరోజు పేర్లు చేరాయి. శుక్రవారం పుట్టిన మగబిడ్డను కోఫీ అనడం అకాన్ ఆచారం. దాన్ని పొరుగునున్న ఎవేలు తీసుకున్నారు. రాజ్యం, వ్యాపారం, ఇరుగుపొరుగు ఉన్నచోట మాటలు గోడలు దూకుతాయి. రొట్టెకు ట్వీలో పానో అంటారు, పోర్చుగీసు మాట. మన ఇళ్లకు అలమారాను తెచ్చిన ఓడల జాతే అక్కడికి దాన్నీ మోసుకెళ్లింది. అంతమాత్రాన ట్వీకీ తెలుగుకూ చుట్టరికం కలపలేం.

నాలుగో ప్రయత్నం: పోలికలు, లేమి

పరిశోధకురాలి వాదం ఇంకొంచెం నిపుణమైనది. మాటలు అరువుకు వస్తాయి గానీ వ్యాకరణం రాదు కదా అన్నది ఆమె. క్వా భాషలకు స్థాయీభేదం (గొంతు స్థాయి మారితే మాట అర్థం మారడం) ఉంది, క్ప-గ్బ ధ్వనులున్నాయి, నాలుక మొదలును ముందుకు నెట్టడం మీద ఆధారపడిన అచ్చుల పొత్తు (ఒక మాటలోని అచ్చులన్నీ ఒకే తరహావి కావడం) చాలావాటిలో ఉంది, కత్తి తీసుకుని మాంసం కోశాడు అనడానికి మనం వాడే "-కుని" లాంటి అతుకేదీ లేకుండా క్రియలను వరసగా పేర్చే తీరుంది. బంటూలో ఉన్నట్టు నామవర్గాల ఉపసర్గలు, అంటే నామం ఏ వర్గానిదో చూపుతూ మాట ముందు చేరే ముక్కలు, లేవు. ఇదే క్వా ముద్ర అని ఆమె ముసాయిదాలో రాసింది.

ఇవన్నీ నిజాలే. కానీ ముద్రగా ఇవి నిలవవు. క్ప-గ్బలూ అచ్చుల పొత్తూ వంటివి క్వా సరిహద్దులు దాటి, నైజర్-కాంగోలో లేని భాషల్లోకి కూడా, అడ్డంగా ఒక పట్టీలా వ్యాపించి ఉన్నాయి. టామ్ గ్యుల్డెమన్ 2008లో ఆ పట్టీని బృహత్-సూడాన్ మండలమన్నాడు. ఇలాంటి మండలాల సంగతి మనకు కొత్తది కాదు: మూర్ధన్యాలు (ట, డ, ణ వంటివి), "నాకు ఆకలేస్తోంది" తరహా వాక్యాలు తెలుగుకూ మరాఠీకీ హిందీకీ ఉమ్మడి అయినా అవి ఒక కుటుంబానివి కావని 1956లోనే భాషావేత్త ఎమెనో భారతదేశాన్ని ఒక భాషామండలంగా చూపినప్పటి నుంచి చదువుకుంటున్నాం. తెలుగువాళ్లమై ఉండి ఈ పొరపాటు చేయడానికి మనకు సాకు లేదని ఆమెతో అన్నాను; ఆమె నవ్వి ఒప్పుకుంది.

అసలు ఆసక్తికరమైనది నామవర్గాల సంగతి. లేమిని లక్షణంగా చూపడం నాకు మొదటి నుంచీ ఇబ్బందిగానే ఉంది, ఎందుకంటే పోగొట్టుకోవడం ఎవరికి వారు విడివిడిగా చేయగల పని. మీదుమిక్కిలి క్వాలో ఆ లేమి కూడా పూర్తిగా లేదు. ట్వీలో మనిషి ఒనిపా, మనుషులు న్నిపా; పిల్ల అబొఫ్రా, పిల్లలు మ్మొఫ్రా: మాట ముందు భాగం మారితే సంఖ్య మారుతుంది. ఎవేలో ఆ పద్ధతి చచ్చిపోయి, అమె అన్న మాటకు చివర వో చేరిస్తే మనుషులు అవుతుంది. ముందున్న అ మాత్రం పాత ఉపసర్గ శిథిలంలా అంటిపెట్టుకుని ఉంది. ఘానా-టోగో సరిహద్దు కొండల్లో చిన్న చిన్న భాషలు డజనుకు పైగా ఉన్నాయి. వాటికి సరిపడే చోటు దొరక్క పాత జర్మన్ పండితులు వాటిని "టోగో మిగులు భాషలు" అన్నారు. 1968లో బెర్న్‌డ్ హైనే వాటిని రెండు గుంపులుగా విడగొట్టాడు. వాటిలో నామవర్గాలు నిక్షేపంగా బతికి ఉన్నాయి. వాటిలో ఒకదాని పేరు సివు. ఆ భాష మాట్లాడేవారు మవు, వారి నేల కవు. ఉగాండాలో లుగాండా భాష, బగాండా జనం, బుగాండా రాజ్యం ఉన్నట్టే. మధ్యలో వేల కిలోమీటర్ల దూరముంది. ఒకే యంత్రం ఇక్కడా అక్కడా తిరుగుతోంది.

ఈ ఒక్క ఉదాహరణే నా ఆలోచనను మార్చింది. బంటూకు ఉన్నది, క్వాకు లేనిది అనుకున్న లక్షణం నిజానికి ఇద్దరికీ తాతలనాటిది. క్వాలో కొందరు నిలుపుకున్నారు, కొందరు తుంటలు మిగుల్చుకున్నారు, కొందరు పూర్తిగా పోగొట్టుకున్నారు. ఉన్నా లేకపోయినా అది శాఖను నిర్ణయించదు.

పని చేసినది

అప్పటికి ఇద్దరి వాదాలూ నా చేతుల్లోనే వీగిపోయాయి. అక్కడి నుంచి ఎవరి పక్షమో తేల్చడం మానేసి, ముసాయిదాల్లోని ప్రతి వర్గీకరణ వాక్యాన్నీ మూడు ప్రశ్నలతో జల్లెడ పట్టాం. ఈ పోలిక పాత సొత్తా? అరువా? ఎవరికి వారే చేసుకోగల మార్పా? మూడింటికీ "కాదు" అని ధైర్యంగా చెప్పగలిగితేనే ఆ పోలికను శాఖకు ఆధారంగా ఉంచాలని ముగ్గురం ఒప్పుకున్నాం.

జల్లెడలో కింది మెట్టు, అంటే దగ్గరి బంధువుల చిన్న సముదాయాలు, గట్టిగా నిలిచింది. గ్బే భాషల ధ్వనులు ఒకదానికొకటి క్రమం తప్పకుండా ఎలా సరిపోతాయో కాపో చూపించాడు. అకాన్, బౌలే, న్జేమా తదితరాలనూ అబిజాన్ ప్రాంతపు ఎబ్రియే భాషనూ కలిపే పోటూ-తానో సముదాయానికి స్టీవర్ట్ జీవితమంతా వెచ్చించి మూలరూపాలను పునర్నిర్మించాడు. గా, డాంగ్మేల దగ్గరితనం గురించి ఎవరికీ పేచీ లేదు. పై మెట్టు కూడా నిలిచింది: సంఖ్యావాచకాలు, నామవర్గాలు వంటి పాత సొత్తే వీటన్నిటినీ బంటూతో సహా నైజర్-కాంగోలో కట్టిపడేస్తుంది. నిలవనిది మధ్య మెట్టు. గ్బే, పోటూ-తానో, గా-డాంగ్మే, కొండల భాషలు, కోట్ దివార్ ఆగ్నేయంలోని అత్తియే, అబే వంటివి, ఇవన్నీ కలిసి ఒకే తల్లికి పుట్టాయని, ఆ తల్లికి యొరూబా బిడ్డ కాదని చూపే ఉమ్మడి మార్పులు మాకు దొరకలేదు. ఇంటి పేరు తెలుసు, జిల్లా తెలుసు, ఊరే తేలలేదు.

ఇక్కడ పరిశోధకురాలికి రుచించని నిర్ణయం ఒకటి చేయవలసి వచ్చింది. యొరూబా, ఇగ్బోలను బెన్యూ-కాంగోలో కలపడాన్ని కూడా అదే జల్లెడలో వేస్తే అది క్వాకంటే ఎంతో మెరుగ్గా ఏమీ నిలవలేదు. పాతదాన్ని పడగొట్టిన ప్రశ్నలతో కొత్తదాన్ని అడగకుండా వదిలేస్తే అది పరిష్కరణ కాదు, ఫ్యాషన్. ఆమె ఒక రోజంతా వాదించి చివరికి తన ఆరోపంలో "చేరినది" అన్నచోట "చేర్చారు" అని తానే దిద్దింది. ఆ క్రియ మార్పుతో వాక్యంలోకి ఒక కర్త, ఒక కాలం వచ్చాయి.

అచ్చుకు వెళ్లిన పాఠంలో క్వా అన్న పేరు ఒంటరిగా ఎక్కడా రాలేదు: "గ్రీన్‌బర్గ్ 1963 క్వా", "స్టీవర్ట్ 1989 క్వా" అని తేదీతోనే వచ్చింది. అధ్యాపకుల ఆరోపం ఆ పేరు చరిత్రగా మారింది. పెరిగిందే తప్ప తగ్గలేదు. టోగోకూ నైజీరియాకూ మధ్య రంగు గీతతో గీయించిన పటాన్ని తీసేసి, కింది మెట్టు సముదాయాలను మాత్రమే చూపే పటం వేయించాం. చిత్రకారుడికి రెండుసార్లు పని చెప్పినందుకు కార్యాలయంలో మాట పడ్డాను.

నేర్చుకున్నవి, మిగిలినవి

ఇద్దరు వ్యాసకర్తలు ఒకే వాస్తవం మీద తగాదా పడుతున్నారని నేను మొదట అనుకున్నాను. వాళ్లు ఒకే పేరు గల రెండు వేర్వేరు వస్తువుల గురించి మాట్లాడారు. మొదటి ఫోన్ సంభాషణలోనే "ఏ క్వా?" అని అడిగి ఉంటే కనీసం రెండు ప్రయత్నాలు తప్పేవి. వర్గీకరణ పేరు వచ్చిన ప్రతిచోటా ఎవరిది, ఎప్పటిది అని అడగడం ఇప్పుడు నాకు అలవాటు. పోలికల పట్టిక ఎవరు తెచ్చినా ముందు దాని పక్కన దూరపు బంధువుల వరుస ఒకటి గీయడం రెండో అలవాటు. చాలా పట్టికలు అక్కడే ఆగిపోతాయి.

పూర్తిగా పరిష్కారం కానిది ఒకటి ఉంది. ప్రతి భాష ఆరోపం పక్కనా ఒక పెట్టె ఉంటుంది, అందులో "శాఖ" అన్న గడిని ఖాళీగా వదలకూడదని గ్రంథ నియమం. "నిర్ధారణ కాలేదు" అని వేస్తే పాఠకులు మనం వెతకలేదనుకుంటారని ప్రధాన సంపాదకుల అభ్యంతరం. అది అన్యాయమైన అభ్యంతరమని నేను అనలేను. చివరికి ఆ గడిలో సముదాయం పేరు వేసి సరిపెట్టాం: ఎవేకు గ్బే, ట్వీకి పోటూ-తానో. యొరూబాకు ఇగాలా వంటి దగ్గరి బంధువులతో కలిపి యొరూబాయిడ్ అని వేశాం. నియమానికి భంగం లేదు, అబద్ధమూ లేదు.

ఆ పెట్టెలన్నీ వరసగా సరిచూస్తూ "త" దాకా వచ్చేసరికి, తెలుగు ఆరోపంలో "మధ్య ద్రావిడం" అనీ, గోండి ఆరోపంలో "దక్షిణ-మధ్య ద్రావిడం" అనీ కనిపించింది. రెండో ఆరోపం రాసినది ఆ పరిశోధకురాలే. మొదటిది నేను రాసినది.